రక్తపరీక్షలో తేడా వచ్చింది, స్పెషలిస్టును కలవడానికి ఇంకా 16 రోజులుంది. ఈలోపు ఏం చెయ్యాలి?

అమ్మా, మీరు రాసింది నిదానంగా చదివాను. పర్లాకిమిడిలో మీ ఆయనకు, 41 ఏళ్లు, నెలరోజులుగా నీరసంగా ఉందని రక్తం చూపిస్తే హిమోగ్లోబిన్ 9.4, తెల్లకణాలు 2,900, ప్లేట్‌లెట్లు 84,000, ఎంసీవీ 113 వచ్చాయి. అక్కడి డాక్టరుగారు రక్తజబ్బుల స్పెషలిస్టు చూడాలని విశాఖకు రాసిచ్చారు. అపాయింట్‌మెంటు 16 రోజుల తర్వాత దొరికింది. ఆయన "ఏం లేదులే" అంటూ బడికి వెళ్లొస్తున్నారు గాని రాత్రి కన్ను మూయడం లేదు. మీరేమో ఫోనులో వెతుకుతూనే తెల్లవారుస్తున్నారు. అత్తగారికి చెప్పాలా, నేరుగా వెల్లూరు వెళ్లిపోవాలా, అసలు ఈ రోజులు గడిచేదెలా అని అడిగారు.

నేను బరంపురంలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను కాబట్టి ఇది ఫలానా జబ్బు అని చెప్పను. కానీ ఆ కాగితం మీద అంకె పడేలోపు ఏమేం జరుగుతాయో తెలుసు, కాగితం పట్టుకుని బయట బెంచీ మీద కూర్చునేవాళ్లనూ ఏళ్ల తరబడి చూశాను. అందరికన్నా ఎక్కువ నలిగిపోయేది ఎవరంటే, ఏ పరీక్ష ఎందుకు చేస్తున్నారో, ఫలితం ఏ రోజు వస్తుందో, ఎవరు పిలిచి చెబుతారో తెలియనివాళ్లు. జబ్బు పేరు తెలియకపోయినా మనిషి ఓర్చుకుంటాడు. తేదీ లేని ఎదురుచూపు మాత్రం ఓర్చుకోలేడు. అందుకే నేను చెప్పేవాటిలో చాలావరకు ఆ తేదీలు రాబట్టడం గురించే.

ముందు అంకెల సంగతి. మూడు రకాల కణాలూ ఒకేసారి తగ్గాయి, ఎర్రకణాల సైజు పెరిగింది. ఎంసీవీ అంటే ఆ సైజే, మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉంటుంది. మూడూ తగ్గడాన్ని పాన్‌సైటోపీనియా అంటారు. ఆ మాట ఫోనులో కొడితే మీకు మొదట ల్యుకేమియా, అంటే రక్తక్యాన్సర్, కనబడింది. ఆ జాబితాలో ల్యుకేమియా ఉన్నమాట నిజమే. మజ్జ, అంటే ఎముకల లోపల రక్తకణాలు తయారయ్యే చోటు, కణాల్ని చాలినన్ని తయారుచేయని ఎప్లాస్టిక్ అనీమియా, సరిగా తయారుచేయలేని ఎండీఎస్ కూడా ఉన్నాయి. అదే జాబితాలో బి12 లోపం, ఫోలేట్ లోపం, మలేరియా, కాలేయం చెడి ప్లీహం ఉబ్బడం, మద్యం, హెచ్‌ఐవీ, కొన్ని రకాల మాత్రల ప్రభావం కూడా ఉన్నాయి. మన దేశంలో ఆసుపత్రులు తమ రోగుల లెక్కలు తీసి ప్రచురించినప్పుడు, మూడు కణాలూ తగ్గడానికి ముందు వరసలో చాలాసార్లు కనిపించింది బి12, ఫోలేట్ లోపాలే. పైగా గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల పక్కన ఉండేవాళ్లకు మలేరియా ఉందా అన్నది మొదట తేల్చుకోవలసిన ప్రశ్న. మీరు చదివిన పేజీలు రాసినవాళ్లకు ఈ కొండల సంగతి తెలియదు. మీ ఆయనది వీటిలో ఏదన్నది ఈ నాలుగు అంకెలు చూసి ఎవరూ చెప్పలేరు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అది అడగాల్సిందే: ఆ శాంపిల్ ఎక్కడ రన్ చేశారు? మన సరిహద్దు ఊళ్లలో చాలా కలెక్షన్ సెంటర్లు రక్తం తీసి సాయంత్రం బస్సుకో రైలుకో విశాఖకు, భువనేశ్వర్‌కు పంపుతాయి. ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే మందు ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ ఆ గొట్టంలో ఎర్రకణాలు ఉబ్బుతాయి, ఎంసీవీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇంకా, కొందరి రక్తానికి ఈడీటీఏ తగిలితే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కడతాయి. మెషీన్ ఆ గుంపుల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు కాబట్టి అంకె పడిపోతుంది, మనిషి ఒంట్లో మాత్రం అవి సరిపడా ఉంటాయి. గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూస్తే ఆ గుంపులు కనబడతాయి. నీలం మూత ఉన్న సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీసి చూస్తే అసలు సంఖ్య తేలుతుంది. అలాగని రిపోర్టు మొత్తం తప్పేమో అని ఆశపెట్టుకోవద్దు. హిమోగ్లోబిన్ 9.4కి పడిపోవడానికి ఈ కారణాలు చాలవు. ఏ అంకెను ఎంత నమ్మాలో తెలుసుకోవడానికి చెబుతున్నాను.

కాబట్టి విశాఖ వెళ్లేదాకా ఊరికే కూర్చోకండి. రేపే మీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, తాజా రక్తంతో, తీసిన కొద్ది గంటల్లోనే చూసే చోట, సీబీసీ (రక్తకణాలన్నిటి లెక్క), పెరిఫెరల్ స్మియర్ (గాజుపలక మీద రక్తం పూసి చూసేది), రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాల లెక్క) చేయించమని అడగండి. స్మియర్ పాథాలజిస్టు కళ్లతో చూసి సంతకం చేసినదై ఉండాలి. ఈ 16 రోజులు ఆగొచ్చా లేదా అన్నది చాలావరకు తేల్చేది ఆ ఒక్క గాజుపలకే. అందులో బ్లాస్టులు, అంటే బయటి రక్తంలో ఉండకూడని లేత కణాలు, ఉన్నాయని రాస్తే ఆగే ప్రశ్నే లేదు. అదేరోజు మీ డాక్టరుగారు విశాఖకు ఫోను చేసి ముందుకు జరపాలి. అవి లేవనీ, తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ కేంద్రకం ఎక్కువ ముక్కలుగా ఉందనీ, కోడిగుడ్డు ఆకారంలో పెద్ద ఎర్రకణాలున్నాయనీ రాస్తే చూపు బి12 వైపు తిరుగుతుంది. దాంతోపాటే బి12, ఫోలేట్, ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), కాలేయం, థైరాయిడ్, మలేరియా, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు ఇక్కడే అయిపోతే, స్పెషలిస్టు మొదటిరోజునే తర్వాతి మెట్టు గురించి మాట్లాడతారు. లేకపోతే ఆ రోజు ఈ చీటీయే రాసి పంపుతారు, ఇంకో వారం పోతుంది. ఒడిశాలో నిదాన్ పథకం కింద సర్కారు ఆసుపత్రుల్లో చాలా పరీక్షలకు డబ్బు అక్కర్లేదు, ఏవి అక్కడ దొరుకుతాయో ముందు కనుక్కోండి.

ఇక రాత్రిపూట మీ గుండె దడదడలాడించే ప్రశ్న: ఈలోపు ఆయనకేమైనా అయిపోతుందా? దీనికి అంకెలతోనే జవాబు చెబుతాను. తెల్లకణాల్లో సూక్ష్మక్రిములతో పోరాడేవి ముఖ్యంగా న్యూట్రోఫిల్స్. రిపోర్టులో వాటి శాతం ఉంటుంది. ఉదాహరణకు 44 శాతం ఉంటే 2,900లో 44 శాతం, అంటే సుమారు 1,280. ఈ సంఖ్య 1,000 కన్నా తగ్గితే జాగ్రత్త పెంచాలి, 500 కన్నా తగ్గితే ప్రమాదం బాగా ఎక్కువ. మీ రిపోర్టులో ఉన్న శాతంతో మీరే లెక్క కట్టి, వచ్చిన సంఖ్య డాక్టరుగారికి చూపించండి. ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర పైన ఉంటాయి. 84,000 తక్కువే గాని, దెబ్బ తగలకుండా దానంతటదే పెద్ద రక్తస్రావం అయ్యే భయం ముఖ్యంగా 20,000 కన్నా దిగినప్పుడు మొదలవుతుంది. రక్తస్రావం లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించేది సాధారణంగా 10,000 కన్నా దిగినప్పుడే. మళ్లీ చేసిన సీబీసీలో అంకెలు ఉన్నచోటే ఉంటే అది కొంత ఊరట. వేగంగా పడిపోతుంటే అదే మీ అపాయింట్‌మెంటు ముందుకు జరపడానికి కారణం.

కొన్ని లక్షణాలకు అపాయింట్‌మెంటు లేదు, అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే. జ్వరం 100.4 దాటడం, వణుకు. ముక్కునుంచో చిగుళ్లనుంచో ఆగని రక్తం. నల్లగా తారులా విరేచనం. ఎన్నడూ రానంత తలనొప్పి, మాట తడబాటు, మగత. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి. కాళ్లమీద నొక్కినా మాయంకాని ఎర్రటి చుక్కలు కొత్తగా పుట్టుకురావడం. ఇవి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి, ఆయనకీ చూపించండి. ఇలా రాసి పెట్టుకుంటే ఒళ్లు కాస్త వెచ్చబడ్డప్పుడల్లా "ఇది అదేనా" అని లోపల తర్కించుకోనక్కర్లేదు. కాగితంలో ఉంటే వెళ్తారు, లేకపోతే పొద్దున డాక్టరుగారికి ఫోను చేసి చెబుతారు.

ఇప్పుడు చెయ్యకూడనివి. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న భాగం. మన ఊళ్లలో నీరసం అనగానే సందుచివర ఆర్‌ఎంపీ బలం సూది పొడుస్తాడు. అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. రెండు రోజులు ఒళ్లు తేలిగ్గా ఉంటుంది గాని, ఒకవేళ ఇది లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) లాంటిదో ఒక రకం ల్యుకేమియానో అయితే ఆ స్టెరాయిడ్ రోగకణాల్ని తాత్కాలికంగా అణచేసి, మజ్జ పరీక్షలో దొరక్కుండా చేస్తుంది. జబ్బు ఉంటూనే ఉంటుంది, కనబడకుండా పోతుంది. అలాగే పరీక్షకు రక్తం ఇవ్వకముందే బి12 ఇంజక్షన్ వేయిస్తే, రక్తంలో ఆ అంకె అమాంతం పెరుగుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే మజ్జ రూపు మారడం మొదలవుతుంది. బి12 తక్కువున్న మనిషికి ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఒక్కటే వాడితే రక్తం కొంత బాగుపడుతుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ పోతాయి. ఆయనకు అరికాళ్లలో తిమ్మిర్లు, చీకట్లో నడుస్తుంటే తూలడం ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. ఏ కారణంచేతనైనా రక్తం ఎక్కించాల్సి వస్తే, ఎక్కించేముందే పరీక్షలకు శాంపిల్ తీసి ఉంచమనండి. వేరొకరి రక్తం కలిశాక హిమోగ్లోబిన్ రకాలు చూసే పరీక్షలు తేడాగా వస్తాయి. మన ప్రాంతంలో సికిల్‌సెల్, తలసీమియా ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు, అందుకే ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఒళ్లునొప్పులకు ఆస్ప్రిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, డాక్టరుగారు ఏది వేసుకోమంటే అదే. కండకు వేసే ఇంజక్షన్లు అడగకుండా వేయించుకోవద్దు. బొప్పాయి ఆకు రసం తాగించమని ఇప్పటికే నలుగురు చెప్పి ఉంటారు. డెంగీలో దానిమీద చిన్నచిన్న పరిశోధనలు జరిగాయి, మీ ఆయన పరిస్థితికి దానివల్ల మేలుందనడానికి ఆధారం లేదు. మద్యం అలవాటుంటే, బ్రాందీ కానీండి, ఇప్పసారా కానీండి, జీలుగు కల్లు కానీండి, పూర్తిగా ఆపి, ఎంత తాగేవారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి. భార్య ముందు చెప్పడానికి మొహమాటపడితే మీరు ఒక్క నిమిషం బయటికి వెళ్లండి. మద్యం ఒక్కటే ఎంసీవీని పెంచగలదు, కణాల్ని తగ్గించగలదు. ఆ నిజం దాస్తే అనవసరమైన పరీక్షలు పెరుగుతాయి. (అకస్మాత్తుగా ఆపితే చేతులు వణికి, చెమటలు పట్టి, తికమక పడేంత అలవాటుంటే, ఆపడం కూడా డాక్టరు చెప్పిన పద్ధతిలోనే.)

విశాఖలో బహుశా మజ్జ పరీక్ష మాట వస్తుంది. ఇప్పుడే తెలుసుకుంటే ఆరోజు గాభరా తగ్గుతుంది. చాలామంది దీన్ని వెన్నులోంచి నీళ్లు తీసే పరీక్షనుకుని వణికిపోతారు. అది వేరు. ఇది నడుం కింద, తుంటి ఎముక వెనకభాగం నుంచి తీస్తారు. వెన్నుపాముకు దగ్గర కాదు. మత్తు సూది ఇచ్చాక చేస్తారు, అరగంట పని. మజ్జ పీల్చేటప్పుడు కొన్ని క్షణాలు లోపలినుంచి లాగినట్టు గట్టిగా నొప్పి పుడుతుంది, తర్వాత తగ్గుతుంది. మామూలుగా అదేరోజు ఇంటికి పంపిస్తారు. మజ్జ తీస్తున్నారంటే క్యాన్సరని అనుకున్నారన్నమాట కాదు. బి12 లోపం అనుమానంలోనూ, క్షయ మజ్జలోకి చేరిందేమో చూడటానికీ, ఎప్లాస్టిక్ అనీమియా తేల్చడానికీ ఇదే పరీక్ష.

ఫలితం అన్నీ ఒకేసారి రాకపోవడానికి కారణాలున్నాయి. పీల్చిన మజ్జను పలక మీద పూసి రంగువేసి చూడటం ఒకటి రెండు రోజుల పని. ఎముక ముక్కను మాత్రం ముందు సున్నం కరిగించి మెత్తబరచాలి, లేకపోతే కత్తికి తెగదు. అందుకని దాదాపు వారం పడుతుంది. కణాల మీదుండే గుర్తుల్ని మెషీన్‌తో చూసి అవి ఏ రకమో తేల్చే ఫ్లో సైటోమెట్రీ కొద్దిరోజుల్లో వస్తుంది. క్రోమోజోముల పరీక్షకు కణాల్ని ల్యాబులో పెంచి అవి విడిపోయేదాకా ఆగాలి, రెండు మూడు వారాలు. కాబట్టి రెండోరోజు ఒక రిపోర్టు వచ్చి, పదోరోజు దాకా ఇంకొకటి రాకపోతే అందులో చెడు సంకేతం ఏమీ లేదు. అక్కడ మీరు అడగాల్సినవి ఇవే: ఏమేం పరీక్షలకు పంపారు, ఒక్కొక్కటి ఏ తేదీకి, ఆ తేదీకి రాకపోతే నేను ఏ నంబరుకు ఫోను చెయ్యాలి, ఫలితం ఎవరు చదివి చెబుతారు. ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసి రాసుకోండి. అడగడానికి జంకకండి. రోజూ వందమందిని చూసేచోట అడిగినవాళ్ల కాగితమే ముందు కదులుతుంది, ఇది ల్యాబు లోపలినుంచి చూసి చెబుతున్న మాట.

రిపోర్టులు ఇప్పుడు నేరుగా ఫోనుకే వస్తున్నాయి, డాక్టరు కళ్లబడకముందే. మందపాటి అక్షరాల్లో కనిపించే ప్రతి అంకే జబ్బు కాదు. మామూలు హద్దులు అని అచ్చువేసే సంఖ్యలు ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేలా కట్టినవి. అంటే ఏ పరీక్షలోనైనా ఏ జబ్బూ లేని ఇరవైమందిలో ఒకరు హద్దు దాటే ఉంటారు. ఇరవై పరీక్షలు ఒకేసారి చేయించుకుంటే ఎక్కడో ఒకచోట గీటు పడటమే ఎక్కువ సహజం. అందుకని మీరిద్దరూ ఇప్పుడే ఒక మాట అనుకోండి: రిపోర్టు ఎవరు తెరుస్తారు, ఎప్పుడు తెరుస్తారు. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చింది పొద్దున్నే తెరిచి, తెరిచిన గంటలోపు డాక్టరుగారికి పంపండి. ప్రాణాపాయమైన అంకె వస్తే ల్యాబువాళ్లే డాక్టరుకు ఫోను చేయాలన్న నియమం ఉంది, మీ నంబరు కూడా వాళ్లదగ్గర సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. వెతకడం పూర్తిగా మానమని చెప్పను, మానలేరు. పగలు ఒక అరగంట పెట్టుకుని, వెతికిన ప్రతిదాన్నీ డాక్టరును అడిగే ప్రశ్నగా మార్చి నోటుబుక్కులో రాయండి. ప్రశ్నగా రాయలేనిదాన్ని వదిలేయండి. పడకగదిలోకి ఫోను రానివ్వకండి.

మీ ఆయన సంగతి. "ఏం లేదులే" అంటున్నది మీకోసమే. మీరూ ఆయనకోసం నవ్వుతూ తిరుగుతుంటారు. ఇద్దరూ ఒకే మంచం మీద వేర్వేరుగా భయపడుతున్నారు. ధైర్యం చెప్పబోకండి, "నాకూ నిద్ర పట్టడం లేదు" అని మీరు ముందు అనండి చాలు. ఆయన మాట్లాడతారు, లేదా మాట్లాడరు, కానీ దాచుకునే పని తగ్గుతుంది. బడికి వెళ్లగలిగినన్నాళ్లు వెళ్లనివ్వండి. పిల్లలముందు నిలబడ్డ గంటలో ఆయన రోగి కాదు. మెట్లెక్కితే ఆయాసం వస్తే మాత్రం సెలవు.

అత్తగారికి చెప్పండి. దాస్తే వంటింట్లో మీ మొహం చూసి ఆవిడ ఇంతకన్నా పెద్దది ఊహించుకుంటారు. కానీ ఉన్నంతే చెప్పండి: "రక్తం తగ్గింది, ఎందుకో చూస్తున్నారు, ఫలానా తేదీకి విశాఖ వెళ్తున్నాం." ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఇంటర్నెట్‌లో చదివిన జబ్బుల పేర్లు ఇంట్లో పలకొద్దు. పర్లాకిమిడిలో పలికిన మాట సాయంత్రానికి పాతపట్నం చేరుతుంది, మర్నాటికి బంధువులు పలకరింపులకు దిగుతారు. ఫోన్లకు జవాబు చెప్పడానికి మరిదినో తమ్ముణ్నో ఒకర్ని పెట్టండి. పిల్లలకూ అదే మాట, ఇంకొంచెం చిన్నగా. అత్తగారు రాయగడ మజ్జిగౌరమ్మకు మొక్కుకుంటానంటే మొక్కుకోనివ్వండి, కన్నతల్లిగా ఆవిడకూ ఏదో ఒకటి చెయ్యాలని ఉంటుంది కదా. ఆయన్ను ఉపవాసాలు మాత్రం ఉంచనివ్వకండి.

వెల్లూరు గురించి. మన వైపు భయం పుట్టగానే రైలెక్కడం అలవాటు. అది మంచి చోటే. కానీ స్మియరు కూడా చూడకుండా వెళ్తే అక్కడ లాడ్జిలో కూర్చుని మళ్లీ మొదటి పరీక్షలకే ఎదురుచూస్తారు, రోజుకింత ఖర్చుతో, ఇంటికి దూరంగా. విశాఖలో మొదటిమాట విన్నాక, చికిత్స ఎక్కడ అన్నప్పుడు ఆలోచించండి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ కార్డు వచ్చింది. మీకు ఆ కార్డుంటే అది ఇతర రాష్ట్రాల్లో నమోదైన ఆసుపత్రుల్లోనూ పనిచేస్తుంది. అయితే అది చేరి చేయించుకునే చికిత్సకు. బయట చేయించుకునే పరీక్షలకు చాలావరకు మన డబ్బే. చేరడానికి ముందు మూడు రోజుల్లో చేసిన పరీక్షలు ప్యాకేజీలోకి వస్తాయి గనక బిల్లులన్నీ దాచండి.

అన్ని పరీక్షలూ అయ్యాక కూడా "ఇప్పటికి పేరు పెట్టలేం, మూడు నెలలకోసారి చూద్దాం" అనే అవకాశం ఒకటుంది. తక్కువమందికే, కానీ ఉంది. అప్పుడు కూడా అదే పద్ధతి: తర్వాతి పరీక్ష ఏ తేదీ, ఏ అంకె ఎంతకు దిగితే ముందే రావాలి, అది రాయించుకుని రండి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి, అప్పుడే రెండు రిపోర్టుల్ని పోల్చడానికి వీలుంటుంది.

విశాఖ వెళ్లేరోజు పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టండి, రెండేళ్ల కిందటిది దొరికినా సరే. అప్పటి అంకెలు మామూలుగా ఉన్నాయో లేదో డాక్టరుకు చాలా పెద్ద ఆధారం. ఇంట్లో వాడుతున్న మాత్రల పట్టీలన్నీ, కీళ్లనొప్పులవీ మూర్ఛవీ ఆయుర్వేదంవీ కూడా, ఒక సంచిలో వేసుకోండి. వీలైతే స్మియర్ పలక కూడా అడిగి తీసుకెళ్లండి, ల్యాబువాళ్లు ఇస్తారు. సీబీసీకీ స్మియర్‌కీ పరగడుపు అక్కర్లేదు, ఇంకేదైనా పరీక్షకు కావాలంటే వాళ్లే ముందు చెబుతారు. ఆయనకు టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి. స్మియర్ రిపోర్టు వచ్చాక అందులో ఏం రాశారో ఇక్కడ రాయండి, ఏ వాక్యానికి అర్థం ఏమిటో చెబుతాను.